రెండు మాటల పేరు

మార్చి 4, మంగళవారం

మీటింగు అయింది. పని చిన్నదానికి, మా తోడికోడలికి, ఇచ్చారు.

పద్నాలుగేళ్ళుగా ఈ ఆసుపత్రి సర్వర్లను చూసుకుంటున్నది నేను. పదకొండు సర్వర్లు, ‘ఇది ఆసుపత్రిదే, నమ్మొచ్చు’ అని కంప్యూటర్లకు చెప్పే పదకొండు సర్టిఫికెట్లు. ఏది ఏ తేదీన గడువు దాటుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, పోయిన నెల జారిపోయింది. బ్లడ్‌బ్యాంకుది. ‘ఈ సైటును నమ్మలేము’ అంటూ కంప్యూటర్లన్నీ మొరాయించాయి. రెండు గంటలపాటు డాక్టర్లు పాత రిజిస్టర్లు ముందేసుకుని కూర్చున్నారు. గుర్తుచేసే మెయిలు నా పాత చిరునామాకు వెళ్ళింది. అది నా తప్పెలా అవుతుంది? ఆ చిరునామా మార్పించాల్సింది నేనే. అది వేరే సంగతి.

టైమ్‌టేబుల్ ఊరుకున్నాడా? (మా హెడ్డుకు ఆ పేరు పెట్టింది నేనే. ఇప్పుడు అందరూ అలాగే పిలుస్తారు. ఈ ఆఫీసులో నేను సాధించింది ఇదొక్కటే కాబోలు.) “ఒక్కో సర్టిఫికెట్టు ఒక్కో రోజున చచ్చిపోతుంటే మనం ఏడాదంతా శవాలు మోస్తూ కూర్చుందామా అమ్మా?” అన్నాడు నావైపు చూసి. అందరూ నవ్వారు.

అప్పుడు లేచింది మా చిన్నది.

“వైల్డ్‌కార్డ్ తీసుకుందాం సార్. పేరు ముందు ఒక నక్షత్రం గుర్తు ఉంటుంది. ఆ గుర్తు ఉన్నచోట రిపోర్ట్స్ అని పెట్టినా, ఫార్మసీ అని పెట్టినా, బ్లడ్‌బ్యాంక్ అని పెట్టినా చెల్లుతుంది. అన్నిటికీ ఒకటే సర్టిఫికెట్టు, ఒకటే తేదీ.”

“ఇంటిల్లిపాదికీ ఒకటే గుర్తింపు కార్డన్నమాట!” అని మురిసిపోయాడు టైమ్‌టేబుల్.

“పదకొండు తలుపులకి ఒకటే తాళంచెవి,” అన్నాను నేను. “అది పోతే పదకొండూ పోతాయి.”

“మీరు పదకొండు తాళాలు వేశారు కదమ్మా. బ్లడ్‌బ్యాంకు తలుపు తెరవలేకపోయాం కదా,” అన్నాడు.

మళ్ళీ నవ్వారు.

ఈ ఉద్యోగంలో దాన్ని చేర్పించింది నేను. మరిది పెళ్ళామని, ఇంట్లో ఊరికే కూర్చుంటుందని, జాలిపడి, టైమ్‌టేబుల్ గదిలోకి వెళ్ళి నోరు తెరిచి అడిగింది నేను. ఆ రోజు నా నాలుక మీద ఎవరు కూర్చున్నారో!

మార్చి 5, బుధవారం

నవ్వినవాళ్ళు నలుగురు. ఫార్మసీ అతను రెండుసార్లు నవ్వాడు.

మార్చి 8, శనివారం

అది పని చేస్తుంటే పక్కన కూర్చోబెట్టారు నన్ను. సహాయానికట. పద్నాలుగేళ్ళ తర్వాత సహాయం.

తప్పు చేస్తుందని రోజంతా కాచుకుని కూర్చున్నాను. మొదట రహస్య తాళం ఫైలు తయారుచేసింది. దాన్ని ఎవరికైనా మెయిల్లో పంపిస్తుందేమో, పట్టుకుందామనుకున్నాను. పంపలేదు. కంప్యూటర్లోనే తాళాలు దాచే పెట్టెలో పెట్టి, దాని పాస్‌వర్డును ముగ్గురికి తప్ప తెలియకుండా చేసింది. ఆ ముగ్గురిలో నా పేరూ రాసింది. ఉదారం! దరఖాస్తు పంపింది. ఆసుపత్రి పేరు మనదేనని రుజువు చేసే వరుస చేర్చింది. సాయంత్రానికి సర్టిఫికెట్టు వచ్చింది. మధ్యలో ఉండే గొలుసు సర్టిఫికెట్టును జతచేయడం సాధారణంగా అందరూ మర్చిపోతారు. మర్చిపోలేదు.

“అక్కా, రిపోర్టుల సర్వరుకి తాళం పెట్టె లోపలి పాస్‌వర్డూ బయటి పాస్‌వర్డూ ఒకటే ఉండాలంట కదా? లేకపోతే లేవనే లేవదంట?”

“ఎవరు చెప్పారు?”

“చదివాను.”

ఎనిమిదేళ్ళ కిందట ఆ సంగతి కనిపెట్టడానికి నాకు ఒక ఆదివారమంతా పట్టింది. తిండి లేదు, నీళ్ళు లేవు. దీనికి టీ చల్లారేలోగా దొరికింది.

పని శుభ్రంగా చేస్తోంది. అదే నా మంట.

మార్చి 12, బుధవారం

అత్తయ్య పోయాక కూడా వంటిల్లు ఒకటే ఉంచుకున్నాం. కింది వాటా మాది, పై వాటా వాళ్ళది, పొయ్యి ఇద్దరిదీ. అది అందరికీ గొప్పగా చెప్పుకునేదాన్ని.

అందరం ఒక్కచోట భోజనాలు చేస్తుంటే మరిది, “వదినా, మా ఆవిడ మీ సర్వర్లన్నీ ఒక్క తాటి మీదకి తెచ్చేస్తోందంట కదా!” అన్నాడు. పళ్ళన్నీ బయటపెట్టి.

“నేను వదిలేసిన తాళ్ళు పట్టుకోవడం కష్టమేం కాదులే,” అన్నాను.

చిన్నది తల వంచుకుని తింది. తల వంచుకుంటే మంచిది అనుకుంటారందరూ. నేను దాని భుజాలు చూశాను. భుజాలు వంగలేదు.

పడుకోబోయే ముందు ఆయన, “ఎందుకు దాన్ని పొడుస్తావు ప్రతిసారీ?” అన్నారు. “నేను ఏమన్నాను?” అన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన వాదనలన్నీ వీపుతోనే.

మార్చి 15, శనివారం

రేపు పొద్దున మార్పు. ఆదివారం రోగులు తక్కువ ఉంటారని టైమ్‌టేబుల్ పెట్టిన ముహూర్తం.

తలనొప్పి. సాయంత్రం బంగాళాదుంపలు తరుగుతుంటే చిన్నది వచ్చి పాత సర్టిఫికెట్టులో ఏదో పేరు గురించి అడిగింది. ఏదో చెప్పాను.

పెందలాడే పడుకుంటాను.

మార్చి 16, ఆదివారం

ఏదో అయింది. అవతలి బ్రాంచిలో. రాయలేను. రేపు.

మార్చి 17, సోమవారం

ఉన్నది ఉన్నట్టు రాసిపెడతాను. రేపు ఎవరైనా అడిగితే చెప్పాలి కదా.

నిన్న ఎనిమిదికి చిన్నది పదకొండు సర్వర్లలోనూ కొత్త సర్టిఫికెట్టు పెట్టింది. ఎనిమిదిన్నరకు అన్నీ లేచాయి. టైమ్‌టేబుల్ ఫోన్ చేసి శభాష్ అన్నాడు. నేను నా కుర్చీలో ఉన్నాను.

నది అవతల ఉన్న చిన్న బ్రాంచిలో డయాలిసిస్ చేస్తారు. రక్తపరీక్షలు మాత్రం ఇక్కడి ల్యాబులో. రిపోర్టు వాళ్ళకు తెర మీద కనబడుతుంది. నిన్న పొద్దున ఒక ముసలాయన అక్కడికి వచ్చాడు, బాగా నీరసంగా ఉందని. రిటైరైన డ్రాయింగ్ మాస్టారట. తొమ్మిదీ పదికి ఆయన రిపోర్టు ఇక్కడ తయారైంది. పొటాషియం హద్దులు దాటింది. అది అలా పెరిగితే గుండె ఆగిపోతుంది, వెంటనే మందు పెట్టాలి. అక్కడి డాక్టరు తెర తెరిస్తే ‘నమ్మలేము’ అని వచ్చింది.

తొమ్మిదీ ఇరవై అయిదుకు ఆ బ్రాంచి నుంచి మా సెక్షనుకు ఫోన్. చిన్నది తీసింది. ఇక్కడ తెరిస్తే రిపోర్టుల సైటు చక్కగా తెరుచుకుంటోంది. “ఇక్కడ బానే ఉందండీ, ఒకసారి మళ్ళీ చూడండి,” అంది. మళ్ళీ చూశారు. మళ్ళీ ఫోన్. అలా గంటకు పైగా. వాళ్ళకున్నది ఒకటే ఫోన్. ల్యాబు వాళ్ళు ప్రమాదం అని చెప్పడానికి తమ దగ్గరున్న ఆ ఒక్క నంబరుకే చేస్తూ ఉన్నారట. ఎంగేజ్. ఆ లైనులో ఉన్నది మేమే.

పదీ ముప్ఫై అయిదుకు చిన్నదానికి అర్థమైంది. వాళ్ళు తెరిచే పేరు వేరు. అది రిపోర్టుల సర్వరుకే ఉన్న రెండో పేరు. ఆసుపత్రి పేరు ముందు ఒక మాట ఉంటే నక్షత్రం గుర్తు చెల్లుతుంది. రెండు మాటలుంటే చెల్లదు. వాళ్ళ పేరులో రెండు మాటలున్నాయి. పాత సర్టిఫికెట్టును మళ్ళీ పెట్టింది. రెండు నిమిషాల పని. అప్పటికే అక్కడ మాస్టారి గుండె ఆగింది. ఛాతీ నొక్కి నొక్కి, తిరిగి కొట్టుకునేలా చేసి, మా ఐసీయూకు తెచ్చారు.

బతికే ఉన్నాడు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేను నా కుర్చీలో ఉన్నాను.

మార్చి 18, మంగళవారం

చిన్నదాన్ని విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నారు. సర్వర్లు మళ్ళీ నా చేతికి వచ్చాయి. టైమ్‌టేబుల్ ముఖం చూసి తీరాలి. “అమ్మా, మీరు ఉండగా ఇలా జరిగి ఉండేది కాదు,” అన్నాడు. ఫార్మసీ అతను టీ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

అవతలి బ్రాంచి పేరుకు విడిగా ఒక సర్టిఫికెట్టు తీసుకుని పెట్టాను. మొత్తం పదకొండు నిమిషాలు పట్టింది. గడియారం ఎందుకు చూశానో తెలియదు.

విచారణ కాగితంలో ఒక ప్రశ్న: “మార్పుకు ముందు ఈ పేరు గురించి మిమ్మల్ని సంప్రదించారా?” లేదు అని రాసి సంతకం చేశాను.

మార్చి 19, బుధవారం

నన్ను అడగలేదు.

మార్చి 20, గురువారం

ఐసీయూ దారిలో నాకు పనేమీ లేదు. అయినా అటువైపు వెళ్ళాను. బెంచీ మీద ఒకావిడ, ముప్ఫై అయిదేళ్ళుంటాయి, చెప్పులు విప్పేసి కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. నా మెడలో కార్డు చూసి, “ఏమండీ, ఇక్కడ మంచినీళ్ళెక్కడ దొరుకుతాయి?” అంది. చూపించాను. వెంట వచ్చింది.

“మా నాన్న. నిన్న కళ్ళు తెరిచాడు. నన్ను చూసి మా అమ్మ పేరు పెట్టి పిలిచాడు.” సీసా నింపుకుంటూ అంది. “కంప్యూటర్ వల్ల అయిందంట. కంప్యూటర్ని తిడదామంటే దానికి చెవులుంటాయా చెప్పండి? ఎవరో ఒక మనిషి దొరికితే బాగుండు, చొక్కా పట్టుకుని అడుగుదును.”

“అవునండీ,” అన్నాను.

అవునండీ!

మార్చి 22, శనివారం

చిన్నది పై వాటాలో గ్యాసు పొయ్యి పెట్టుకుంది. మరిది మెట్ల మీద మోసుకుపోతుంటే నేను పక్కకు తప్పుకుని దారిచ్చాను. నావైపు చూడలేదు. కింది పొయ్యి మీద రెండు బర్నర్లు ఖాళీ.

“పెద్దదానివి, ఒక్కసారి పైకెళ్ళి పలకరించి రావచ్చు కదా,” అన్నారు ఆయన.

“అది చేసిన పనికి నేనెందుకు పలకరించాలి?”

“అది ఏం చేసింది?” అన్నారు. ఈసారి అటు తిరగలేదు. నా ముఖంలోకే చూస్తూ అడిగారు. నేను కంచాలు కడగడానికి లేచాను.

మార్చి 25, మంగళవారం

చిన్నదాని వాంగ్మూలం చదవమని టైమ్‌టేబుల్ నాకిచ్చాడు. సాంకేతికంగా సరిగా ఉందో లేదో చూడాలట. నాలుగు పేజీలు. ఎక్కడైనా నా పేరు ఉంటుందని ఒక్కో వరుసా వేలు పెట్టి చదివాను. లేదు. “పాత సర్టిఫికెట్టులో ఉన్న రెండో పేరు వాడుకలో లేదని భావించాను,” అని రాసింది. భావించిందట!

ఒళ్ళు మండిపోయింది. నా మీద రాయి వేసి ఉంటే అడ్డుకునేదాన్ని. మాటకు మాట సిద్ధంగా పెట్టుకున్నాను. దానికి ఎంత పొగరుంటే నన్ను వదిలేస్తుంది?

ఇంటికి రాగానే చేతిసంచీ కూడా దించకుండా పైకి వెళ్ళాను. అది గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

“ఎందుకు రాయలేదు?” అన్నాను.

“ఏది?”

“నీకు తెలుసు ఏదో.”

తువ్వాలు మడతపెట్టి పక్కన పెట్టింది. “వంటింట్లో మాటకి సాక్షి ఎవరక్కా? బంగాళాదుంపలా? నీది పద్నాలుగేళ్ళు, నాది మూడేళ్ళు. నేను రాస్తే ఏమనేవాళ్ళు? తప్పు చేసి తోడికోడలి మీదకి తోస్తోంది అనేవాళ్ళు. నువ్వూ అదే అనేదానివి.”

“నా మీద జాలిపడ్డావా?”

“జాలా?” నవ్వింది. దాన్ని అలా నవ్వగా ఎప్పుడూ చూడలేదు. “నీ కాగితంలో నువ్వు ఏం రాస్తావో చూద్దామని ఆగాను. విచారణలో చూపించారు. చూశాను.”

“నాకు తలనొప్పిగా ఉంది ఆ రోజు.”

“నీకు తలనొప్పి లేదు. నువ్వు కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, నా ముఖం చూసి మరీ చెప్పావు. ఇంకోటి అడగనా అక్కా? ఆదివారం ఫోన్లో నేను చచ్చిపోతుంటే, అటూ ఇటూ పరుగెడుతుంటే, నువ్వు కుర్చీ నాకేసి తిప్పుకుని కూర్చున్నావు. అది కూడా తలనొప్పేనా?”

నేను దిగి వచ్చేశాను. వెనక నుంచి, “నువ్వు ఇప్పుడెళ్ళి నిజం చెప్పినా నేను నీతో కలవను, ఆ ఆశ పెట్టుకోకు!” అని అరిచింది. మెట్ల మీద ఆయన నిలబడి ఉన్నారు. అంతా విన్నారు.

మార్చి 26, బుధవారం

ఈ పుస్తకాన్ని ఎవరూ చదవరు. ఇందులో కూడా ఎందుకు అబద్ధం రాశాను?

పదిహేనో తారీఖు సాయంత్రం అది నా దగ్గరకు వచ్చి, “అక్కా, రిపోర్టుల పాత సర్టిఫికెట్టులో అవతలి బ్రాంచి పేరు ఒకటి ఉంది, రెండు మాటలది. నక్షత్రం దాన్ని కాయదు. అది ఇంకా ఎవరైనా వాడుతున్నారా?” అని అడిగింది. ఆరేళ్ళ కిందట ఆ పేరు పెట్టింది నేను. ఆ బ్రాంచి డాక్టరు తెర మీద, నొక్కితే తెరుచుకునేలా, ఆ పేరుతో గుర్తు పెట్టింది నేను. రోజూ వాడతారని నాకు తెలుసు.

“ఎప్పుడో మానేశారు,” అన్నాను.

“ఖాయమేనా? ఖాయమైతే వదిలేస్తాను.”

“నా మాట మీద నమ్మకం లేకపోతే ఎందుకడుగుతావు?”

అది నమ్మింది.

ఎవరికో ఏదో అవుతుందని అనుకోలేదు. ఇది నిజం. ఆదివారం పొద్దున ఎవరో గుమాస్తా ఫోన్ చేసి విసుక్కుంటాడు, నలుగురిలో అది తడబడుతుంది, నేను లేచి వెళ్ళి రెండు నిమిషాల్లో సరిచేస్తాను, ఇంతే అనుకున్నాను. తొమ్మిదీ ఇరవై అయిదుకు ఫోన్ మోగగానే నాకు అర్థమైంది ఏమిటో. లేద్దామనుకున్నాను. ఇంకొంచెం తడబడనీ అనుకున్నాను. పది దాటాక, ఇప్పుడు లేస్తే ఇంతసేపూ తెలిసే కూర్చున్నానని బయటపడుతుంది అనుకున్నాను. అలా అనుకుంటూ ఉన్నాను. డెబ్భై నిమిషాలు.

మార్చి 28, శుక్రవారం

టైమ్‌టేబుల్ గదిలో నిలబడే చెప్పాను. అతను రెండుసార్లు కళ్ళద్దాలు తీసి తుడిచాడు.

“మీరు ఎందుకు చెబుతున్నారమ్మా ఇప్పుడు? విచారణ దాదాపు మూసేశాం.”

“మూయొద్దు.”

“ఆ అమ్మాయి మీ ఇంటి పిల్ల కాబట్టి కాపాడుకుందామని చెబుతున్నారా?”

దీన్ని ఊహించలేదు. నిజం చెబితే మంచితనం అంటగడుతున్నాడు! “కాపాడడానికి కాదు. నాకు అదంటే గిట్టదు. గిట్టకే చేశాను. రాసుకోండి,” అన్నాను. రాసుకున్నాడు. సంతకం పెట్టించుకున్నాడు. మెడలో కార్డు తీసి బల్ల మీద పెట్టమన్నాడు. సర్వర్ల పాస్‌వర్డులన్నీ మధ్యాహ్నంలోపు మార్చేశారు, నన్ను బయటి కుర్చీలో కూర్చోబెట్టి. చివరగా, “పేషెంటు తాలూకు వాళ్ళతో మాత్రం ఏమీ మాట్లాడకండి,” అన్నాడు.

ఇంట్లో చెప్పాను. ఆయన, “మంచిది,” అని ఊరుకున్నారు. మంచిది అన్న మాటకు ఇంత బరువుంటుందని తెలియదు.

ఏప్రిల్ 1, మంగళవారం

చిన్నదాన్ని పనిలోకి పిలిచారు. పొద్దున మెట్లు దిగి, నా గుమ్మం ముందు నుంచే వెళ్ళింది. నేను తలుపు తీసే ఉంచాను. అది ఆగలేదు.

ఏప్రిల్ 3, గురువారం

మాస్టారిని ఐసీయూ నుంచి రెండో అంతస్తు వార్డుకు మార్చారు. సందర్శకుల చీటీ తీసుకుని వెళ్ళాను. ఈ ఆసుపత్రిలో నేను చీటీ తీసుకోవడం ఇదే మొదలు.

కూతురు మందుల కోసం కిందికి వెళ్ళినట్టుంది. ఆయన ఒక్కడే ఉన్నాడు. చిన్న మనిషి. చేతులు మాత్రం పెద్దవి.

“మాస్టారూ, కంప్యూటర్ వల్ల అయిందని మీవాళ్ళకి చెప్పారు. కంప్యూటర్ కాదు. నేను,” అన్నాను.

ఎవరు మీరు అనలేదు. చెప్పమన్నట్టు చూశాడు. వంటిల్లు, ఫోను, కుర్చీ, అన్నీ చెప్పాను. మధ్యలో ఒకచోట ఆగి కళ్ళు తుడుచుకున్నాను. ఆయన ఓదార్చలేదు.

“ఫోను మోగినప్పుడు మీకు తెలుసా?” గొంతు బొంగురుగా ఉంది. ట్యూబు వేసి తీసిన గొంతు.

“తెలుసు.”

“మొదటిసారి మోగినప్పుడే?”

“మొదటిసారే.”

“మరి ఏం చేస్తున్నారు?”

“కూర్చున్నాను.”

“ఎలా?”

నాకు అర్థం కాలేదు.

“ఎలా కూర్చున్నారు? చేతులెక్కడ పెట్టారు? మెడ ఎటు తిరిగి ఉంది? పిల్లలకి ఇదే చెప్పేవాణ్ణి. మనిషి బొమ్మ వేయాలంటే ముందు ఆ మనిషి ఎలా కూర్చుందో తెలియాలి.”

“చేతులు ఒళ్ళో ఉన్నాయి. ముఖం... ముఖం మా తోడికోడలి వైపు.”

మంచం పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ వైపు వేలు చూపించాడు. “కూర్చోండి. అలాగే.”

కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. దిండు మీద తల ఇటు తిప్పి ఆయన నన్ను చూడడం మొదలుపెట్టాడు. కోపంగా చూసినా బాగుండేది. నుదురు, దవడ, భుజాలు, వేళ్ళు, ఒక్కొక్కటే, తొందర లేకుండా. నేను కాస్త కదిలితే చూపు ఆపేసి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. కదలడం మానేశాను. నర్సు వచ్చి సెలైను చూసి వెళ్ళింది. కూతురు మందుల కవరుతో వచ్చి, నన్ను గుర్తుపట్టి, “మీరా? నీళ్ళు చూపించారు కదా,” అంది. ఆయన చెయ్యెత్తి ఆమెను ఆపాడు. ఆమె గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఎంతసేపో నాకు తెలియదు. వీపు మీద చెమట కారుతున్నది తెలుస్తోంది.

చివరికి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

“అయింది,” అన్నాడు. “చూశాను. ఇక వెళ్ళండి. మా అమ్మాయికి మీ నోటితో మీరే చెప్పి మరీ వెళ్ళండి.”